మధుమేహమును నెత్తురుగడ్డయు

కత్తిపీటమీద కూర తరుగుచు ఒక్కసారియైనను వేలు కోసికొనని గృహిణి యుండదు. గాయముపై చిటికెడు పసుపద్ది, పాత గుడ్డపీలిక చుట్టి, మరల పనిలో పడుదుము. కొన్ని నిమిషములలో నెత్తురు నిలుచును. అది పసుపు మహిమ యని తలంతుము. పసుపునకు గల గౌరవమును మేము తగ్గింపబోము గాని, ఆ నెత్తురును నిలిపిన పనివారు వేఱు. వారు నెత్తురులోనే తిరుగుచుందురు. వైద్యులు వారిని ప్లేట్‌లెట్లందురు. డెంగీ జ్వరముల పుణ్యమా యని ఆ పేరు మన హైదరాబాదు ప్రాంతమున నేడు ప్రతి యింటను తెలిసినదే. 'ప్లేట్‌లెట్లు పడిపోయినవి' అను మాట చెవిని బడినచో ఇల్లాలి గుండె గుభేలుమనును. బొప్పాయి ఆకులకై పిల్లలు పరుగెత్తుదురు.

ఆ ప్లేట్‌లెట్లే లెక్కకు సరిగా నుండియు, స్వభావము చెడి మనిషిని ఆపదపాలు చేయు సందర్భమొకటి కలదు. అది చక్కెరవ్యాధి. ఆ వ్యాధి మూత్రపిండములను చెఱచునని, కన్నులను మసకబార్చునని, కాలిపుండు మాననీయదని పదిమందియు చెప్పుదురు. నెత్తురు తొందరపడి గడ్డకట్టు గుణము దానిలో గలదని చెప్పువారు అరుదు. మధుమేహము గలవారికి గుండెపోటును పక్షవాతమును ఇతరులకన్న రమారమి రెండింతలు ఎక్కువగా వచ్చుటకు గల ముఖ్యకారణములలో ఇది యొకటి. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలివారి లెక్కను బట్టి మన దేశమున పదికోట్లమందికి పైగా ఈ వ్యాధి కలదు. సోదరీమణులారా, మన చుట్టపక్కాల యిండ్లను వ్రేళ్లపై లెక్కించి చూచుకొన్నచో ఈ వ్యాధి దూరని యిల్లు ఎన్ని మిగులును?

మేము తుర్కపల్లి వారము. శామీర్‌పేట చెఱువు మాకు దాపుననే యున్నది. చెఱువుల నడుమ బ్రదుకువారికి గండి యన నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. కట్టకు గండి పడెనని కేక వినబడగానే ఊరివారందఱు పాఱలతోను, ఇసుకమూటలతోను, కంపలతోను పరుగెత్తుదురు. మొదట వచ్చినవాడు అడ్డుపడి, తక్కినవారిని కేకవేయును. వచ్చినవారు తాము తెచ్చినది పడవేసి మఱికొందఱిని పిలుతురు. గండి పూడును. ప్లేట్‌లెట్ల పనియు నిట్టిదే.

1882లో ఇటలీ దేశమున ట్యూరిన్ పట్టణమందలి బిజ్జొజెరో అను వైద్యుడు వీని రూపమును పనిని విశదముగా వర్ణించెను. ఇవి ఎముకల మూలుగలోని పెద్ద కణముల నుండి తునుకలుగా తెగి వచ్చును. ఒక్కొక్కదాని వెడల్పు మిల్లీమీటరులో వేయింట రెండు మూడు పాళ్లు మాత్రమే. ఒక ఘన మిల్లీమీటరు నెత్తురులో ఇవి లక్షన్నర మొదలుకొని నాలుగున్నర లక్షల వఱకు నుండును. వీని ఆయువు వారము పది దినములు. నెమ్మదిగా నున్నప్పుడు ఇవి నున్నని వక్కపలుకులవలె నాళములలో దొర్లుచు పోవుచుండును. నాళపు లోపలి పొర 'మీకిక్కడ పని లేదు, సాగిపొండు' అన్నట్లు కొన్ని పదార్థములను విడుచుచు వీనిని శాంతముగా నుంచును. ఆ పొర చిరిగి లోపలి నారలు బయటపడినప్పుడు మాత్రము ఇవి అచ్చట అతుకుకొనును. అతుకుకొన్న క్షణముననే నున్నదనము పోయి పల్లేరుకాయవలె ముండ్లు చాచును. తమలో దాచుకొన్న రసములను వెలిగ్రక్కి సాటివానిని పిలుచును. పిమ్మట నెత్తురులోని ఒక మాంసకృత్తు సన్నని దారములుగా మాఱి, ఆ ముద్దనంతను వలవలె బిగించును. అదియే నెత్తురుగడ్డ. గాయము మానిన పిమ్మట ఆ వలను కరిగించు పదార్థమును నెత్తురులోనే యుండును.

ప్లేట్‌లెట్లు వేయు ఆ కేకలలో ముఖ్యమైనది ఏడీపీ అను రసాయనము. దీనికిని మన తెలుగువారికిని ఒక సంబంధము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్క్ అను ఆచార్యునితో కలసి పనిచేసి, జీవకణములకు శక్తినిచ్చు ఏటీపీ అను పదార్థమును 1929లో వెల్లడించిరి. అదే కాలమున జర్మనీలో లోమాన్ అను పండితుడును దానిని కనుగొనెను. ఆ ఏటీపీ నుండి ఒక భాస్వరపు భాగము విడిపోగా మిగిలినదే ఏడీపీ. అదియే ప్లేట్‌లెట్లను గుమిగూర్చునని 1961లో నార్వే దేశపు పండితులు తేల్చిరి. నేడు గుండెజబ్బువారు మ్రింగు క్లోపిడోగ్రెల్ అను మాత్ర చేయు పని ఆ కేక ప్లేట్‌లెట్ల చెవిని బడకుండ మూయుటయే. మా వారు బడిలో ఈ పాఠము చెప్పునప్పుడు సుబ్బారావుగారి పేరును నల్లబల్లపై పెద్ద అక్షరములతో వ్రాయుదురు. వ్రాయవలసినదే. ఆయన 1948లో పరదేశముననే కన్నుమూసిరి. మన పిల్లలలో ఎందఱికి ఆ పేరు తెలియును?

ఇక మధుమేహమున జరుగునది చూతము. చరకసంహిత ప్రమేహలక్షణములలో మూత్రమునకు చీమలు చేరుటను చెప్పియున్నది. చీమలు పసిగట్టిన ఆ తీపి నెత్తురులోనిదే గదా. లడ్డు చుట్టునప్పుడు పాకము చేతికంటి బంకబంకగా నుండుట మనమెఱుగుదుము. నెత్తురులో చక్కెర నెలల తరబడి హెచ్చుగా నున్నచో అదే తీరున అది మాంసకృత్తులకు అంటుకొనును. ఎఱ్ఱకణములకు అంటుకొన్న దానిని కొలిచియే 'మూడు నెలల చక్కెర పరీక్ష' చేయుదురు. ఎఱ్ఱకణము నాలుగు నెలలు బ్రదుకును గనుక ఆ లెక్క కుదురును. ప్లేట్‌లెట్ల పైపొరకును ఆ చక్కెర పట్టును. ఆ పొర మెత్తదనము తగ్గి బిగుసుకొనును. అట్టి ప్లేట్‌లెట్టు చిన్న పిలుపునకే ఉలికిపడును.

ఇంతియే కాదు. ఇన్సులిన్ చక్కెరను కణములలోనికి పంపుటయే గాక, ప్లేట్‌లెట్లను బుజ్జగించి యుంచుననియు వైద్యులు చెప్పుదురు. పెద్దవయసున వచ్చు మధుమేహమున దేహము ఇన్సులిన్ మాట వినదు, ప్లేట్‌లెట్లును వినవు. నాళపు లోపలిపొరయు జబ్బుపడి, 'సాగిపొండు' అని చెప్పు పదార్థములను తక్కువగా విడుచును. దారముల వల చిక్కగా అల్లుకొనును. దానిని కరిగించు శక్తికి అడ్డుపడు పదార్థము నెత్తురులో హెచ్చును. గండి లేకయే కేకలు వేయువారు, ఆ కేకకు పరుగెత్తి పాఱు కాలువలోనే ఇసుకమూటలు పడవేయువారు, పడిన మూటలను తీయనీయనివారు, అందఱు ఒక్కచోట చేరినట్లగును. నాళపు గోడలో ఏండ్ల తరబడి పేరుకొన్న క్రొవ్వుగడ్డ ఏ తెల్లవారుజాముననో చిట్లినప్పుడు, ఆ చిన్న చిట్లు చాలును.

ఈ స్వభావదోషము మామూలు నెత్తురు పరీక్షలో కానరాదు. ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలున్నవని కాగితము చూపి సంతోషించు మధుమేహరోగికి ఆ సంఖ్య వాని కోపమును చెప్పదు.

మా వీథిలో ఒక పెద్దమ్మ కలదు. పండ్రెండేండ్లుగా చక్కెర మాత్రలు మ్రింగుచున్నది. ఒకనాడు బంధువులయింట పెండ్లిభోజనము చేసి వచ్చి పరుండినది. తెల్లవారుజామున లేచి దవడ లాగుచున్నదనియు, ఒడలెల్ల చెమట పట్టుచున్నదనియు, ఊపిరి చాలకున్నదనియు చెప్పెను. ఎదలో నొప్పి లేదు. ఇంటివారు పెండ్లి విందును తప్పుపట్టిరి. వాము నీళ్లిచ్చిరి. పిమ్మట సోడా తెచ్చిరి. 'గ్యాసు' మాత్ర యొకటి మ్రింగించిరి. కోడలు మాత్రము 'అత్తమ్మా, దవాఖానకు పోదము' అని రెండుసార్లు అడిగినదట. 'వయసువచ్చినదానికి అరుగకపోతే దవాఖాన యేమిటే' అని పెద్దమ్మయే కసరినది. ప్రొద్దుగూకిన పిదప తీసికొనిపోయిరి. గుండెకు నెత్తురు చేర్చు నాళము ఒకటి తెల్లవారుజాముననే గడ్డతో మూసికొనిపోయెనని వైద్యులు చెప్పిరి. ఆమె బ్రదికినది. గుండె కండలో ఒక భాగము మాత్రము తిరిగిరాలేదు. మునుపు బోనము నెత్తిన పెట్టుకొని గుడిమెట్లు చకచక ఎక్కిన మనిషి నేడు అరుగెక్కుటకు గోడ పట్టుకొనుచున్నది.

మధుమేహము నరములను మొద్దుబార్చును. గుండె మొఱపెట్టినను ఆ మొఱ ఎదవఱకు రాదు. ఆడువారిలో ఈ మొఱ తక్కిన చోట్ల వినబడుట మఱియు ఎక్కువ: దవడ, వెన్ను, భుజము, వాంతి, చెప్పరాని నిస్సత్తువ. సామాన్యముగా ముట్లుడుగువఱకు స్త్రీలకు గుండెపోటు మగవారికన్న తక్కువ యందురు. మధుమేహము వచ్చినచో ఆ రక్షణ చాలవఱకు పోవును. ఈ సంగతి తెలియక 'ఆడుదానికి గుండెపోటా' అని నవ్వువారిని మేము చూచితిమి.

పెద్దమ్మ విషయమున మమ్ము మిక్కిలి బాధించునది మఱియొకటి. ఆమె యిల్లున్నది ఏ యూరిలో? తుర్కపల్లిలో. హైదరాబాదు నుండి కరీంనగరము పోవు రాజీవ్ రహదారిపై వచ్చువారికి మా యూరి దాపున మందులు కనిపెట్టు కర్మాగారములు బారులుగా కానవచ్చును. దీనికి జీనోమ్ వ్యాలీ యని పేరు, 1999లో మొదలైనది. ఇచ్చటి భారత్ బయోటెక్ వారు టీకాలకు లోకమంతట పేరెక్కిరి. వారే నెత్తురుగడ్డను కరిగించు స్ట్రెప్టోకైనేజ్ అను మందును ఇండికైనేజ్ అను పేరుతో తయారుచేసిరని తెలిసినవారు తక్కువ. 1997లో కామెర్ల టీకాను వెలువరించిన మేడ్చల్ శాంతా బయోటెక్నిక్స్ వారును ఈ మందును చేసిరి.

ఆ మందు కథ వింతయైనది. 1933లో అమెరికాలో టిల్లెట్ అను వైద్యుడు, గొంతునొప్పి మొదలగువానిని కలిగించు ఒక జాతి సూక్ష్మజీవులు నెత్తురుగడ్డను కరగించుట గమనించెను. వాని రసమే స్ట్రెప్టోకైనేజ్. ఆ రోగజీవులను పెంచి రసము పిండుట పూర్వపద్ధతి. వానిలోని ఆ ఒక్క గుణమును చెప్పు జన్యువును తీసి, అపాయము లేని వేఱొక సూక్ష్మజీవిలో నుంచి, దానిచే ఆ రసమును చేయించుట నూతనపద్ధతి. హాలాహలమును పుట్టించిన కడలియే అమృతమును నిచ్చినట్లు, రోగము తెచ్చు పురుగు నుండి ప్రాణము నిలుపు మందు వచ్చినది.

దీని బలమును 1988లో వెలువడిన ఒక మహాపరీక్ష చూపినది. పదునేడువేలకు పైగా గుండెపోటు రోగులపై జరిగిన ఆ పరీక్షలో, ఏ మందును లేనివారిలో నూటికి పదుమువ్వురు అయిదు వారములలోపల గుండెజబ్బు మొదలగువానిచే చనిపోయిరి. స్ట్రెప్టోకైనేజ్, ఆస్పిరిన్ రెండును ఇచ్చినవారిలో ఎనమండ్రు. ఆ పండితులకు హాస్యమును తెలిసినట్లున్నది. రోగులను జన్మరాశులనుబట్టి విభజించి చూడగా, మిథునతులారాశులవారికి ఆస్పిరిన్ పనిచేయనట్లు తేలెనట! లెక్కలను మిక్కిలి ముక్కలు చేసినచో ఇట్టి వెఱ్ఱిఫలములు వచ్చునని హెచ్చరించుటకే దానిని ప్రకటించిరి. మిథునరాశివారు కంగారుపడనక్కఱలేదు.

నేడు పెద్ద ఆస్పత్రులలో సన్నని గొట్టమును నాళములోనికి పంపి మూతను తెఱచుట మొదటి మార్గము. రెండు గంటలలో అది అందనిచోట కరిగించు మందునిత్తురు. ఒక్క సూదితో పనిచేయు కొత్తమందులును వచ్చినవి. ఏ మార్గమైనను గడియారముతో పందెము వేయవలసినదే. తొలి గంటలలో లేతగా నున్న గడ్డ కరగును. పొద్దుపోయిన కొలది అది బిగియును, కండ చచ్చును. మందు చేయు కర్మాగారము కన్నులెదుటనే యున్నను, వాము నీళ్లతో గడచిన పగటిని అది తిరిగి ఈయలేదు. 108 బండ్లు 2005 ఆగస్టు 15న హైదరాబాదుననే మొదలైనవి. ఆ అంకె మన పిల్లలకును కంఠస్థమే. చక్కెర గలవారికి ఎదనొప్పి లేకున్నను, కారణము తెలియని చెమట, ఆయాసము, దవడలాగు కనబడినచో ఆ అంకెను నొక్కుటకు ఇంటి పెద్దల అనుమతి కొఱకు కాచియుండరాదని మా అభిప్రాయము. నోరు వంకరపోవుట, ఒక చేయి పడిపోవుట, మాట తడబడుట పక్షవాతపు గుఱుతులు. అప్పుడును ఇట్లే పరుగెత్తవలెను. అయితే నోట ఆస్పిరిన్ వేయరాదు. మెదడులో గడ్డయో, నెత్తురు చిమ్మినదో ఫోటో తీయక ఎవరును చెప్పలేరు. గడ్డయని తేలినచో కరిగించు మందునకు సాధారణముగా నాలుగున్నర గంటల గడువు.

'అట్లయిన చక్కెర గలవారందఱును దినమున కొక ఆస్పిరిన్ మ్రింగినచో సరిపోదా?' అని మా పొరుగింటి వదిన యడిగెను. మంచి ప్రశ్న. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లు వేయు రెండవ కేకను ఆపును. ఆ మర్మమును కనిపెట్టిన ఇంగ్లండు పండితుడు జాన్ వేన్‌కు 1982లో నోబెల్ బహుమానము వచ్చినది. ప్లేట్‌లెట్టునకు కణకేంద్రము లేదు గనుక మూసిన నోటిని మరల తెఱచుకొనలేదు. దాని ఆయువున్నంత కాలము ఆ కేక లేనట్లే. మధుమేహమున మాత్రము మూలుగ కొత్త ప్లేట్‌లెట్లను త్వరత్వరగా పంపుచుండుటచే కొందఱిలో ఒక మాత్ర బలము మఱునాటివఱకు నిలువదనియు కనుగొనిరి. వదిన ప్రశ్నకు ఉత్తరువు బ్రిటనులో దొరికినది. అప్పటికి గుండెజబ్బు లేని పదునైదువేల మధుమేహులను ఏడేండ్లకు పైగా గమనించి, ఆ ఫలమును 2018లో వెల్లడించిరి. ఆస్పిరిన్ తీసికొననివారిలో వేయింటికి తొంబదియార్గురికి గుండెపోటు వంటి ఆపద వచ్చినది, తీసికొన్నవారిలో ఎనుబదియైదుగురికి. పదునొకండుగురు తప్పించుకొనిరి. కాని కడుపు మొదలగు చోట్ల పెద్ద రక్తస్రావము ముప్పదియిద్దఱి నుండి నలుబదియొకరికి పెరిగినది. ఒకచేత ఇచ్చి మఱియొకచేత తీసికొన్నట్లే. కావున పొరుగువారు మ్రింగుచున్నారని మ్రింగు మాత్ర కాదది. ఒకసారి గుండెపోటు వచ్చినవారి సంగతి, నాళములో లోహపు గొట్టము వేయించుకొన్నవారి సంగతి వేఱు. వారికి అది ప్రాణరక్ష. పన్ను తీయించుకొనవలసివచ్చినదని, ముక్కున నెత్తురు కానవచ్చినదని వైద్యునడుగక మానివేసి ప్రాణము మీదికి తెచ్చుకొన్నవారు కలరు.

ప్లేట్‌లెట్లను చల్లబఱచుటకు మాత్రకన్న ముందుగా చేయదగినది చక్కెరను అదుపున నుంచుటయే, అదియు వ్యాధి తెలిసిన తొలియేండ్లలో. 1977లో బ్రిటనులో మొదలైన ఒక దీర్ఘపరీక్షలో, ఆదియందే చక్కెరను గట్టిగా అదుపుచేసినవారికి పదియేండ్ల తరువాతను గుండెపోట్లు తక్కువగా వచ్చినట్లు 2008లో తేలినది. రక్తపుపోటును, క్రొవ్వును అదుపున నుంచుటయు ఇందు చేరును. చుట్ట, బీడీ, పొగాకు ప్లేట్‌లెట్లకు కొరడాదెబ్బలు. మగవారికి ఇది చదివి వినిపింపుడు.

ఆడువారికి చెప్పవలసినది ఉపవాసముల మాట. చక్కెర మిక్కిలి పడిపోయినను ప్లేట్‌లెట్లు రేగును. దేహము భయపడి విడుచు రసములు వానిని రెచ్చగొట్టును. ఉదయము చక్కెర మాత్రయో సూదియో తీసికొని, శనివారమనియో ఏకాదశియనియో సాయంకాలము వఱకు పచ్చిమంచినీళ్లతో నుండు అలవాటు మన యిండ్ల గలదు. చేతులు వణకుట, కన్నులు తిరుగుట భక్తివలననే యని యనుకొందురు. వ్రతము చేయదలచినవారు ముందుగా మందు మోతాదును గుఱించి వైద్యుని అడుగవలెను. దేవుడు ఒక దినము ఆగును.

మఱి పెద్దమ్మ యింట కోడలు ఇప్పుడొక పని చేసినది. పాఠశాల నోటుబుక్కులోని కాగితమొకటి చింపి, అత్తగారికి ఎన్నేండ్లుగా చక్కెరయున్నదో, ఏ మాత్ర ఏ వేళ ఎంత బరువుదో, ఏ మందు పడదో, నాళములో గొట్టమెప్పుడు వేసిరో వ్రాసి, బీరువా తలుపు లోపలి వైపున అతికినది. క్రింద 108 అని పెద్దగా వ్రాసినది. ఆ కాగితము చూచి మేమును మా అత్తగారికొకటి వ్రాసితిమి.